నానమ్మ పేరు మీద చిన్ననానమ్మ నెత్తురు

కత్తెర చేతిలో ఉన్నంతసేపూ నానమ్మ ముందు ఎవరూ నోరెత్తేవారు కాదు. కత్తెర బల్ల మీద పెట్టాక కూడా ఎత్తేవారు కాదు గానీ, ఎత్తుదామా అని కనీసం ఆలోచించేవారు.

కింద దుకాణమూ వంటిల్లూ, మీద ఇల్లు. దుకాణంలో కిటికీ తెరలూ, బడిపిల్లల యూనిఫారాలూ కుట్టేవారు. గుడ్డ కత్తిరించేది నానమ్మ. ఆ ముక్కల్ని మిషను మీద కుట్టేది, కాజాలు తీసేది, అంచులు మడిచేది, ఇస్త్రీ చేసేది, మూటకట్టి మేడమీది గదిలోకి చేర్చేది చిన్ననానమ్మ. చిన్ననానమ్మ అంటే తాతయ్య తమ్ముడి భార్య, నానమ్మకు తోడికోడలు. అయితే పనంతా ఆవిడదేగా అని మీరు అనుకోవచ్చు. నానమ్మ ముందు మాత్రం అనకండి. "కుట్టడానికేం, ఎవరైనా కుడతారు. తప్పు కుడితే విప్పొచ్చు. తప్పు కోస్తే అతికించగలరా?" అనేది. తాతయ్య గిరాకీలతో బేరాలు మాట్లాడేవాడు. చిన్నతాత వ్యానులో సరుకు చేరవేసేవాడు.

నానమ్మ కోతకు ఎంత పేరుందో నోటికీ అంత పేరుంది. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు గుడ్డ ఇచ్చేసి పోకుండా స్టూలు లాక్కుని కూర్చునేది ఆ నోటి కోసమే. ఆ నోటికి రోజూ దొరికే మేత చిన్ననానమ్మ.

గుడ్డ మీద గీత గీయడానికి సుద్దబిళ్ళలు పెట్టె నిండా తెచ్చేవారు. చూస్తుండగానే అడుగు కనిపించేది. ఒకనాడు చిన్ననానమ్మ మిషను మీద వంగి ఏదో నములుతుంటే నానమ్మ గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. నాలుక మీద తెల్లగా పొడి.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్ళూ ఎలుకల్ని అనుమానించి పాపం మూటగట్టుకున్నాను కదే!"

"ఏమోనక్కా, ఆ వాసన తగిలితే ఆగలేకపోతున్నా," అని చిన్ననానమ్మ సిగ్గుపడి నవ్వింది.

ఆ రోజు నుంచి ఆవిడ పేరు సుద్దముక్క. దుకాణానికి ఎవరొచ్చినా నానమ్మ ఆ కథ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ సుద్ద ఇంకాస్త పెరిగేది.

మేత అంతటితో అయిపోలేదు. చిన్ననానమ్మ మూట ఎత్తుకుని మేడ ఎక్కుతూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయేది. కింద నుంచి నానమ్మ గొంతు, "మహారాణి గారు మజిలీ చేశారు, పల్లకీ పంపండయ్యా!" అనేది. మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చేస్తే, "సూది తల్లికి జోలపాడుతోంది," అనేది. అందరికన్నా పెద్దగా నవ్వేవాడు చిన్నతాత. వదిన మాట అంటే ఆయనకు సినిమా చూసినంత. చిన్ననానమ్మ వేళకాని వేళ దుప్పట్లు తెచ్చి ఉతుక్కుంటూ కనిపిస్తే, "ఈ ఇంట్లో సబ్బు కూడా ఆవిడే తింటోంది," అనేది నానమ్మ. చిన్ననానమ్మ దానికి మాత్రం నవ్వేది కాదు. నానమ్మ గమనించలేదు.

ఇలా ఉండగా నానమ్మ పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. నొప్పి వస్తే మనిషి మెలికలు తిరిగిపోయేది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరమ్మ స్కాను చూసి, యూనిఫారాల గిరాకీ మొదలవకముందే ఆ పిత్తాశయం సంచి తీసేద్దాం, దానికి ముందు రక్తపరీక్షలు చేయించుకురండి అంది.

"రాళ్ళు కడుపులో ఉన్నాయి గానీ రక్తంలో లేవుగా డాక్టరమ్మా?" అంది నానమ్మ.

"మత్తు ఇచ్చేది మీ మొత్తానికి పెద్దమ్మా, సంచికి ఒక్కదానికే కాదు. షుగరెంతో, ఒంట్లో రక్తమెంతో, ఏ గ్రూపో తెలియకుండా నేను కత్తి పట్టుకోను. మీరు మాత్రం కొలత తీసుకోకుండా గుడ్డ కోస్తారా?"

ఆ మాట నానమ్మకు నచ్చింది. బయటికొచ్చాక తాతయ్యతో, "ఈవిడ మన జాతే," అంది. కానీ ఇంటికి వచ్చే దారిలో షుగరు అన్న మాట వెంటాడింది.

దానికో కథ ఉంది. అంతకు రెండేళ్ళ ముందు వీధి చివరి డాక్టరు, "మీకు షుగరు అంచు మీద ఉంది, తీపి మానేయండి," అన్నాడు. నానమ్మ మానేసింది. తను మానేస్తే సరిపోయేది. ఇంటిల్లిపాది చేతా మానిపించింది. తాతయ్య రెండేళ్ళుగా చక్కెర లేని టీ తాగుతూ, మందు తాగినట్టు మొహం పెట్టేవాడు. "నన్ను చూసి నేర్చుకోండి. నాలుకను కట్టేసుకోవడం అంటే ఇదీ!" అని నానమ్మ రోజూ ఉపన్యాసం.

దుకాణంలో కొలతల బల్ల కింద ఒక డబ్బా ఉండేది. యూనిఫారానికి కొలతలిచ్చేటప్పుడు కదలకుండా నిలబడ్డ పిల్లలకు అందులోంచి చాక్లెట్టు ఇచ్చేది నానమ్మ. పిల్లాడు బుద్ధిగా నిలబడితే పిల్లాడికి ఒకటి, ఓపిక పట్టినందుకు తనకు ఒకటి. పిల్లాడు గెంతితే, విసిగిపోయినందుకు తనకు రెండు. పిల్లలు లేని రోజున పిల్లలు లేనందుకు. సెలవులకు వచ్చే మనవలు చూడలేదా అంటే చూశారు. చూసిన వాళ్ళ నోట్లోనూ చాక్లెట్టు ఉండడం వల్ల సాక్ష్యం బయటికి రాలేదు.

ఇప్పుడు రక్తం చూస్తే డబ్బా మొత్తం బయటపడుతుంది. ఆపరేషన్ వాయిదా పడుతుంది. అదైనా ఓర్చుకోవచ్చు. తాతయ్య ఆ టీ గ్లాసు పట్టుకుని ఒక్క చూపు చూస్తాడు చూడండి, దాన్ని ఎలా ఓర్చుకోవడం? మిగతా అందరి లోపాలూ ఎత్తిచూపే మనిషికి తన లోపం బయటపడడమంటే, నలుగురిలో చీర ఊడినంత పని.

ల్యాబు మనిషి ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటాడని తెలిశాక నానమ్మకు ఆలోచన తట్టింది. ముందురోజు చిన్ననానమ్మను పిలిచి, ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడింది.

"ఏమే, ఆపరేషన్‌లో నాకు రక్తం ఎక్కించాల్సి వస్తే ఇంట్లో ఎవరిది పనికొస్తుందో ముందే చూసి పెట్టుకుంటారట. నాది ఆసుపత్రిలోనే తీసుకున్నారు. నీది కాస్త ఇస్తావా?"

"అడగాలా అక్కా?" అంది చిన్ననానమ్మ. అంతే. ఎంత తీస్తారని గానీ, నొప్పి పుడుతుందా అని గానీ అడగలేదు.

పొద్దున్నే తాతయ్యను గుడ్డల కొట్టుకు పంపేసింది నానమ్మ. చిన్నతాత వ్యాను తీసుకుని అప్పటికే వెళ్ళిపోయాడు. ల్యాబు నుంచి వచ్చినాయన బట్టతల మనిషి. నిద్ర చాలనట్టు కళ్ళు నలుపుకుంటూ వచ్చాడు. నానమ్మ తన పేరూ వయసూ ఉన్న చీటీ ఆయన చేతిలో పెట్టి, చిన్ననానమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆయన చీటీ చూశాడు, మనిషిని చూశాడు. "వయసు అస్సలు తెలియడం లేదమ్మా మీకు."

చిన్ననానమ్మ మొహం వికసించింది. ఆ ఇంట్లో ఆవిడ గురించి ఒక మంచి మాట విని ఎన్నాళ్ళయిందో.

"ఏమీ తినలేదు కదా?"

"ఆవిడ ఎప్పుడూ అందరూ తిన్నాకే తింటుందిలెండి," అని నానమ్మ అందుకుంది, అదేదో తను నేర్పిన గొప్ప అలవాటన్నట్టు.

"ఆపరేషన్ ఉందన్నారు?"

"అవునండీ," అంది చిన్ననానమ్మ, అక్కకే కదా అనుకుని. "కాస్త జాగ్రత్తగా చూడండి. అక్కకు అసలే నొప్పి ఓర్చుకునే శక్తి తక్కువ."

ఆయనకు ఆ మాట సగమే అర్థమైంది, ఆ సగానికే తలూపాడు. చెయ్యి పట్టుకుని నరం కోసం వెతుకుతూ, "ఏంటమ్మా, వేళ్ళు ఇంత చల్లగా ఉన్నాయి?" అన్నాడు. నరం దొరికాక చిన్న గొట్టాల్లోకి రక్తం పట్టుకుని పోయాడు. చిన్ననానమ్మ దూది నొక్కిపట్టుకుని లేచి, నేరుగా ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళింది. ఏం పోయింది, చెంచాడు నెత్తురు, అనుకుంది నానమ్మ. బల్ల కింద డబ్బా మూత తీసింది.

రిపోర్టు చూడడానికి డాక్టరమ్మ దగ్గరికి తాతయ్యతో కలిసి వెళ్ళింది. డాక్టరమ్మ కాగితం చూస్తూ, "షుగరు చక్కగా ఉంది," అంది.

నానమ్మ మెల్లగా తల తిప్పి తాతయ్య వైపు చూసింది. ఆ చూపులో రెండేళ్ళ ఉపన్యాసాలూ ఉన్నాయి. తాతయ్య నేల చూపులు చూశాడు.

"కానీ రక్తం ఆరున్నర గ్రాములే ఉంది. కనీసం పన్నెండు ఉండాలి పెద్దమ్మా."

డాక్టరమ్మ లేచి వచ్చి నానమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా, నిక్షేపంగా ఉంది. "చూస్తే అలా కనిపించడం లేదే," అని తనలో తాను అనుకుని, మళ్ళీ కాగితం చూసింది. "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? మధ్యలో కూర్చుండిపోవాలనిపిస్తుందా?"

మెట్ల మధ్యలో కూర్చున్న మనిషి నానమ్మ కళ్ళ ముందు మెదిలింది.

"పని చేస్తూ చేస్తూ తల వాల్చేయడం? చేతులు చల్లబడడం? వింత ప్రశ్న అనుకోకండి, రక్తం బాగా తగ్గినవాళ్ళకు కొందరికి మట్టి, బలపాలు, సుద్ద లాంటివి నమలాలనిపిస్తుంది. అలాంటిదేమైనా ఉందా?"

సుద్ద అనేసరికి తాతయ్యకు నవ్వొచ్చింది. "మా ఇంట్లో..." అని మొదలుపెట్టాడు. బల్ల కింద నానమ్మ కాలు వెళ్ళి ఆయన కాలి మీద పడింది. ఊరికే పడలేదు, మడమతో నొక్కింది. తాతయ్య నోరు మూసుకున్నాడు.

"లేదు," అంది నానమ్మ.

తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది ఆ క్షణాన్ని. తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు మాటలు చెబితే సరిపోయేది. ఆ మాటలు చెప్పకుండా ఉండడానికి, కట్టుకున్నవాడి కాలు తొక్కింది.

డాక్టరమ్మ చెప్పుకుపోతోంది. నెలసరి ఎప్పుడో ఆగిపోయిన వయసులో ఇంత రక్తం పోయిందంటే లోపల ఎక్కడో కారుతున్నట్టు. కెమెరా గొట్టం వేసి పొట్టా పేగులూ చూడాలి. అదేమిటో తేలేదాకా ఆపరేషన్ మాట లేదు. "ఇంతకన్నా తగ్గితే గుండె మీద పడుతుంది. బరువులు ఎత్తనివ్వకండి. మెట్లు ఎక్కనివ్వకండి. పూర్తిగా విశ్రాంతి," అని తాతయ్యకు గట్టిగా చెప్పింది.

సరిగ్గా అదే సమయంలో ఇంటి దగ్గర చిన్ననానమ్మ తెరల మూట ఎత్తుకుని మెట్లెక్కుతూ ఉంటుందని నానమ్మకు తెలుసు. ఆ మూట కట్టి వచ్చింది తనే.

ఇంట్లోకి వచ్చాక తాతయ్య నానమ్మ చెప్పులు తనే విప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చోవడం అదే మొదలు. లోపల ఎక్కడో కారుతోంది అన్న మాటకు ఆయన తనకు తోచిన అర్థం తీసుకున్నాడు. ఆ అర్థం పేరు పైకి అనలేక, ప్రతి కాసేపటికీ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నిలబడేవాడు.

"దాహం వేయడం లేదయ్యా."

"తాగు. నా కోసం తాగు."

తాగేది. ఆ నీళ్ళు తను ఆడిన అబద్ధానికని ఆవిడకొక్కదానికే తెలుసు.

ఆపైన మొదలైంది అసలు శిక్ష. నానమ్మ పడుకోవాలి కాబట్టి నానమ్మ పని కూడా చిన్ననానమ్మ మీద పడింది. వంట, గదులు ఊడవడం, దుకాణంలో కోత, కుట్టు, ఇస్త్రీ, మేడమీదికి మూటలు, వాటితోపాటు కంచంలో అన్నం పెట్టుకుని పైకి. గుడ్లు తెప్పించి ఉడకబెట్టి తన వంతుది కూడా నానమ్మ కంచంలోనే వేసేది.

"నీది ఏదే?"

"నేను తిన్నా అక్కా."

"నోరు తెరువు."

చిన్ననానమ్మ నవ్విందే గానీ తెరవలేదు. ఒకప్పుడు గడ్డం పట్టుకుని తెరిపించిన చెయ్యి, ఇప్పుడు దుప్పటి మీంచి లేవలేదు.

నానమ్మ ఒక ఉపాయం పన్నింది. తనకు రాసిచ్చిన ఇనుము బిళ్ళల్లోంచి ఒకటి తీసి, "ఒంటికి బలమట, నువ్వూ ఒకటి వేసుకో," అంది. నిజం చెప్పకుండా నిజం చేయాల్సిన పని చేసేద్దామని. చిన్ననానమ్మ ససేమిరా అంది. "నీకు రాసినవి నేను మింగేసి, నిన్ను ఏం చేసుకోమంటావు?" అని కసిరి, నానమ్మ నోట్లో వేసి, గొంతు దిగేదాకా పక్కనే నిలబడింది. జీవితంలో మొదటిసారి చిన్ననానమ్మ నానమ్మను కసిరింది. అదీ నానమ్మ మేలు కోరి.

ఇంకొకరోజు దుకాణంలో ఎవరూ లేరు కదా అని నానమ్మ కిందికి దిగి ఇస్త్రీపెట్టె పట్టుకుంది. సరుకు కోసం వచ్చిన చిన్నతాత చూసేశాడు. వదినను చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళి, భార్యను పిలిచాడు.

"వదినను కదలనివ్వకు. నువ్వు కూడా అలా ఎక్కడపడితే అక్కడ కూలబడకు కాస్త. ఇప్పుడు ఇంట్లో నిజంగా జబ్బుచేసిన మనిషి ఉంది."

"అలాగేనండీ," అంది చిన్ననానమ్మ.

నానమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. రేపు చెబుతాను అనుకుంది. రేపు అయ్యాక, కెమెరా పరీక్ష అయ్యాక చెబుతాను అనుకుంది. ఆ పరీక్షలో ఏమీ లేదని తేలితే ఏదో పొరపాటు రిపోర్టు అనుకుంటారు, అంతా దానంతటదే సర్దుకుంటుంది. మరి చిన్ననానమ్మ రక్తం? అది దానంతటదే ఎలా సర్దుకుంటుంది? ఆ ప్రశ్న దగ్గరికి రాగానే నానమ్మ ఆలోచన మెట్ల మధ్యలో కూర్చున్నట్టు కూర్చుండిపోయేది.

ఒక హాలుకు పెద్ద తెరలు కుట్టే పని వచ్చింది. బరువైన మందపాటి గుడ్డ. సాయంత్రం నానమ్మ మంచం మీద ఉండగా మెట్ల మీంచి ఏదో దొర్లిన చప్పుడు. లేచి పరుగెత్తింది. మూట విడిపోయి తెరలు మెట్ల నిండా పరుచుకున్నాయి. మధ్య మెట్టు మీద చిన్ననానమ్మ గోడకు చేరగిలబడి ఉంది. పెదాలకు రంగు లేదు. గుండెల మీద చెయ్యి. ఊపిరి అందడం లేదు. నానమ్మను చూసి లేవబోయింది.

"వస్తున్నా అక్కా... మహారాణి మజిలీ... రెండు నిమిషాలు..." అని నవ్వడానికి ప్రయత్నించింది. "నువ్వెందుకు లేచావు? డాక్టరమ్మ వద్దందిగా."

తను వేసిన హాస్యాన్ని ఆవిడ తన మీద తానే వేసుకుంటోంది, అక్క తిట్టకముందే. అది నానమ్మ వినలేకపోయింది. ఆవిడ కన్నా ఒక మెట్టు కిందికి దిగి, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఆ నెత్తురు నాది కాదే," అంది.

"ఏ నెత్తురు?"

"రిపోర్టులోది. నీది. నా పేరు పెట్టి నీది ఇచ్చాను. నా షుగరు బయటపడుతుందని. రక్తం తక్కువ ఉన్నది నాకు కాదు, నీకు. ఆయాసం నీకు, సుద్ద నీకు. ఆవిడ ఒక్కొక్కటీ అడుగుతుంటే నాకు తెలుసు. తెలిసే లేదన్నాను."

చిన్ననానమ్మ తిడుతుందేమో అని నానమ్మ ఎదురుచూసింది. తిడితే బావుండునని చూసింది.

"అయితే అక్కా," అంది చిన్ననానమ్మ, చిన్నపిల్లలా. "నేను బద్ధకస్తురాలిని కాదా?"

వీధిలో ఎవరి మాటకైనా బదులు చెప్పగల నానమ్మ, అప్పుడు తల అడ్డంగా ఊపింది.

"పొద్దున లేవలేకపోతుంటే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఏం మాయరోగం దీనికి, తిని కూర్చోవాలనుంది అని." చిన్ననానమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో తేలికపడుతోందో తెలియడం లేదు. "నెలసరి కూడా... ఏడాది దాటింది అక్కా, ఆగడం లేదు. వరదలా పోతుంది. దుప్పట్లు పాడైపోతున్నాయి. ఈ వయసులో ఇలాగే ఉంటుందేమో అనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

చిన్ననానమ్మ తెర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అంది. "చెబితే దుకాణంలో చెబుతావని."

అంతకు మించిన చెంపదెబ్బ నానమ్మ ఎప్పుడూ తినలేదు. కొట్టినావిడకు కొట్టానని కూడా తెలియదు.

మర్నాడు డాక్టరమ్మ గదిలో ఈసారి ముగ్గురు. నానమ్మే మొత్తం చెప్పింది. తాతయ్య వింటూ వింటూ, తన కాలి వైపు చూసుకున్నాడు. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"పెద్దమ్మా, రక్తం ఎక్కించేముందు మేం గ్రూపు మళ్ళీ సరిచూసుకుంటాం కాబట్టి ఆ ప్రమాదం దాటేవారేమో. కానీ షుగరు బాగుందన్న కాగితం నమ్మి కోసి ఉంటే? గాయం మానక చీము పడితే, నేను కారణం ఎక్కడ వెతకాలి? లేని రక్తస్రావం కోసం మీ పేగుల్లో వెతకబోయాను. ఉన్న రక్తస్రావం మీ ఇంట్లో మూటలు మోస్తోంది." ఒక్క క్షణం ఆగింది. "మేం పరీక్ష పెట్టేది మార్కులు వేయడానికి కాదు. మీరు బల్ల మీంచి క్షేమంగా దిగాలని."

నానమ్మ తల వంచుకుంది. "ముందు దీన్ని చూడండి," అంది.

చిన్ననానమ్మ కంటి రెప్ప లాగితే లోపల కాగితంలా తెల్లగా ఉంది. ఆమెను ఆ రోజే చేర్చుకున్నారు. ఇంకో డాక్టరమ్మ వచ్చి నెలసరి సంగతంతా ఓపిగ్గా అడిగింది. గర్భసంచిలో గడ్డ ఉందని, మందులతో అదుపు చేసి తర్వాత దాని సంగతి చూద్దామని చెప్పింది. సాయంత్రానికి రక్తం సంచి వేలాడదీశారు. చిన్ననానమ్మ దాన్ని చూసి, "ఎవరిదో పాపం, నా కోసం ఇచ్చారు," అని మొహమాటపడింది.

నానమ్మ రక్తం కూడా తీశారు. ఈసారి చేతికి పేరున్న పట్టీ కట్టి, పేరు రెండుసార్లు అడిగి మరీ తీశారు. షుగరు మూడువందలు దాటింది. డాక్టరమ్మ ఆ అంకె తాతయ్య ముందే చదివింది. ఇన్నాళ్ళ చేదు టీకి బదులు తీర్చుకునే అవకాశం తాతయ్యకు వచ్చింది. ఆయన నానమ్మ మొహం చూసి, చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క మాట అని ఉంటే నానమ్మకు కాస్త ఊపిరి ఆడేది. ఆపరేషన్ షుగరు దిగేదాకా వాయిదా.

ఆ సాయంత్రం ఆసుపత్రి నర్సు, పక్కన ఎవరూ అక్కర్లేదు, వెళ్ళి తినేసి రండి అని పంపేసింది. ఇంటికి వచ్చి నానమ్మ వండింది. ముందురోజు వెళ్ళిన చిన్నతాత దూరపు ఊళ్ళో తెరలు దించేసి అప్పుడే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.

"ఏదీ మన మహారాణి? అప్పుడే పడకేసిందా?"

తాతయ్య కంచంలోకి చూశాడు.

"ఆసుపత్రిలో ఉంది," అంది నానమ్మ. "రిపోర్టులో ఉన్న నెత్తురు నాది కాదు, దానిది. రక్తం లేనిది దానికి. దానికి ఎక్కిస్తున్నారు."

చిన్నతాత ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వాడు. "బావుంది వదినా! నీ నెత్తురు కూడా దాని చేతే మోయించావా? ఇది కొత్తది!" తొడ చరుచుకుని మరీ నవ్వాడు.

ఆయన తప్పేముంది? ఇన్నేళ్ళుగా ఆవిడ చెప్పడం, ఆయన నవ్వడం. వదిన నోటి నుంచి చిన్ననానమ్మ మాట వస్తే అది నవ్వుకోవడానికేనని ఆయనకు అలవాటు చేసింది ఎవరు?

నానమ్మ గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి గొంతు ఎత్తకుండా, చేతులు తిప్పకుండా, ఎవరినీ అనుకరించకుండా చెప్పింది. అలా చెప్పడం ఆవిడకు చేతకాదు, అందుకే మాటమాటకూ తడబడింది. చాక్లెట్ల డబ్బా చెప్పింది. ల్యాబు మనిషికి ఆడిన అబద్ధం, చిన్ననానమ్మకు ఆడిన అబద్ధం, తాతయ్య కాలు తొక్కడం చెప్పింది. మెట్లు చెప్పింది. దుప్పట్లు ఎందుకు ఉతికేదో, ఎందుకు ఎవరికీ చెప్పలేదో అదీ చెప్పింది.

చిన్నతాత మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ దిగాలో తెలియని మనిషిలా కాసేపు అక్కడే నిలబడి, తర్వాత పోయింది.

"నాకూ చెప్పలేదు వదినా," అన్నాడు.

"నీకెలా చెబుతుంది? నువ్వు నవ్వుతావుగా." అనేసి, ఆ మాటలోనూ సగం బరువు ఆయన మీదికి తోస్తున్నానని తోచి, మళ్ళీ అంది. "నవ్వించింది నేనే."

చిన్నతాత కలుపుకున్న అన్నం వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని గోడకున్న వ్యాను తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడుంది?"

"రెండో అంతస్తు. కిటికీ పక్క మంచం. ఉండు, నేనూ వస్తా," అంటూ నానమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"వద్దు వదినా," అన్నాడు. మెల్లగానే అన్నాడు. "నేను వెళ్తా."

వ్యాను కదిలిన చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. ఆ వద్దులో కోపం ఉందో, తన భార్య దగ్గర తనే కూర్చోవాలన్న కోరిక ఉందో నానమ్మకు అర్థం కాలేదు. అడగడానికి మొహం చెల్లక, చెప్పులు వేసుకున్న కాళ్ళతోనే గుమ్మంలో నిలబడిపోయింది.